పెట్టె రాని ఆదివారం

పోయిన నెల హన్మకొండ నుంచి ఫోన్ వచ్చింది. రిటైరైన టీచర్లు నలుగురు, ఉద్యోగాల్లో కొత్తగా చేరిన లెక్చరర్లు ముగ్గురు కలిసి నెలకో మంచి సినిమా వేయడం మళ్లీ మొదలుపెడుతున్నారట. టికెట్టు లేదు, లాభం మాటే లేదు. హాలు అద్దె, కరెంటు, చాయ్ ఖర్చు తలాకొంత వేసుకుంటారు. రాబోయే నాలుగు నెలలకు నాలుగు సినిమాలు అనుకున్నారు.

"మొదటి సినిమాకు కార్డు మీద మూడు వాక్యాలు నువ్వే రాసియ్యాలె. మీ బాపు ఉన్నప్పుడు ఇంటింటికీ కార్డులు పంచింది నువ్వే గదా" అన్నారు.

ఏ సినిమా అని అడిగాను. 'బైసికిల్ థీవ్స్' అన్నారు.

సరేనని ఫోన్ పెట్టేశాను. స్టవ్ మీద పాలు పొంగి పొయ్యి ఆరిపోయిన సంగతి కూడా చాలాసేపటికి గానీ చూసుకోలేదు.

1983లో నేను ఏడో తరగతి. మా ఇల్లు హన్మకొండలో, వేయి స్తంభాల గుడికి నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది. బాపు ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తా. ఊళ్లోని ఫిలిం సొసైటీకి ఆయనే కోశాధికారి. ఆ కోశం మా బియ్యం డబ్బా పక్కన ఉండే రేకు బిస్కెట్ డబ్బా. అందులో రసీదు పుస్తకం, చందా డబ్బులు, పిన్నులు, కాజీపేట రైల్వే పార్శిలు రసీదులు ఉండేవి. ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా అమ్మ ఆ డబ్బా జోలికి వెళ్లేది కాదు. నెలాఖరున ఉప్పు కొనడానికి చిల్లర లేక పక్కింటికి వెళ్లి బదులు తెచ్చిందే గానీ, చేతికందే దూరంలో ఉన్న ఆ మూత తీయడం నేనెప్పుడూ చూడలేదు.

చందా నెలకు మూడు రూపాయలు. రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్లు, మెడికల్ కాలేజీ విద్యార్థులు, బ్యాంకు ఉద్యోగులు, కవిత్వం రాసే తాలూకా ఆఫీసు గుమాస్తా ఒకాయన, ఆజంజాహి మిల్లులో మగ్గాల మీద పనిచేసే ఒక పెద్దమనిషి, ఇలా నూటాపాతిక మంది దాకా సభ్యులు. సినిమాకు వచ్చేది అరవై, డెబ్బై మంది. నెలకు రెండు ఆదివారాలు, సాయంత్రం ఆరింటికి, ఒక బడి హాల్లో.

సొసైటీకి కార్యదర్శి లెక్కల సారు. బళ్లో మాకు లెక్కలు చెప్పేదీ ఆయనే. ప్రతి నెలా ఇరవయ్యో తారీఖు దాటాక సారు మా ఇంటికొచ్చి వరండాలో చాప మీద కూర్చునేవారు. మైనం పూసిన స్టెన్సిలు కాగితాన్ని పలక మీద పరిచి, ఇనప మొనతో ఒక్కో అక్షరం గీసేవారు. గట్టిగా గీస్తే కాగితం చిరుగుతుంది, మెత్తగా గీస్తే ఇంకు దిగదు. 'రాబోయే చిత్రాలు' అని పైన పెద్ద అక్షరాలు. కింద సినిమా పేరు, తీసిన దేశం, సంవత్సరం, దర్శకుడు, ఎన్ని నిమిషాలు. ఆ కింద మూడే మూడు వాక్యాల్లో కథ. అంతకన్నా చోటు ఉండేది కాదు. బాపు కాలేజీలోని సైక్లోస్టైల్ యంత్రం మీద, ప్రిన్సిపాల్ అనుమతితో, కాగితాలూ ఇంకూ సొసైటీవే తీసుకెళ్లి, మందపాటి కాగితాల మీద ఒత్తుకొచ్చేవారు. ఇంటికి తెచ్చాక ఆరబెట్టాలి. మంచం మీద, కిటికీ అంచున, తులసి గద్దె చుట్టూ కార్డులే. ఆ నల్ల ఇంకు వాసన రెండు రోజులు ఇంట్లో ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త ఇంకు వాసన తగిలితే నాకు నెలాఖరు అనిపిస్తుంది.

జనగామ, పరకాల సభ్యులకు పదిహేను పైసల పోస్టుకార్డు వెళ్లేది. ఊళ్లోవాళ్లకు పోస్టు ఖర్చెందుకని నన్ను పంపేవారు. బాపు సైకిలు నాకు ఎత్తు. బారు కింద నుంచి కాలు దూర్చి, ఒంటి పక్కన వేలాడుతున్నట్టుగా తొక్కేదాన్ని. చౌరస్తా, సుబేదారి, అటు నుంచి కాజీపేట రోడ్డు. వరంగల్ వైపు కార్డులు మర్నాడు. కేరియర్ మీద అట్టముక్కల మధ్య కార్డులు, వాటి మీద రబ్బరు బ్యాండు.

నేను కార్డు ఇచ్చి వచ్చేస్తే సరిపోయేది కాదు. ఒక్కో గుమ్మం దగ్గర ఒక్కో ప్రశ్న. "ఏం బిడ్డా, ఈ నెల జపాన్‌దా రష్యాదా?" అని ఒకరు. "కింద ఇంగ్లీషు అక్షరాలుంటయా? మా ఇంటామెకు ఎట్ల?" అని ఒకరు. మిల్లు పెద్దాయన మాత్రం కార్డు తీసుకుని నా ఎదుటే మూడు వాక్యాలూ కూడబలుక్కుని చదివేవారు. చదివాక నిదానంగా, "తర్వాత ఏమైతది?" అని అడిగేవారు. నాకు తెలియదని చెప్పేదాన్ని. "నీకు తెల్వది, నాకు తెల్వది, మీ సారుకు?" అనేవారు. సారుకూ చాలాసార్లు తెలిసేది కాదు. పుస్తకాల్లో, పత్రికల్లో చదివి రాసేవారు. ఆ సినిమాలు ఊళ్లో ఎవరూ చూసి ఉండరు గదా.

అట్లా దారంతా ఆ మూడు వాక్యాలే నా తలలో తిరిగేవి. పద్దెనిమిదేళ్లు నిండితేనే సభ్యత్వం. పిల్లలకు కుర్చీ లేదు. సెన్సారు కత్తెర పడకుండా సొసైటీలకు వచ్చే విదేశీ సినిమాలుండేవి కాబట్టి ఆ నియమం. ఆ మాట విని రెండు నెలల పాటు వరసగా కొత్త సభ్యులు చేరడం, ఆశించిందేదీ లేదని మళ్లీ కనిపించకపోవడం కూడా జరిగేది. సారుకు అది బాధగా ఉండేది. ఒకసారి చేరినవాడు ఒక్క మంచి సినిమాకైనా చిక్కుకోకుండా ఎలా పోతాడని ఆయన ఆశ. నాకేమో ఏ సినిమా వచ్చినా ప్రొజెక్టరు పక్కన ఒక స్టూలు, అదీ సారు పరవాలేదన్న రోజుల్లోనే. కొన్నిటికి మొదటి రీలు ఎక్కించగానే ఇంటికి పంపేసేవారు. అలా చూడని సినిమాలన్నీ నేనే తీసుకునేదాన్ని, సైకిలు మీద, కార్డులోని మూడు వాక్యాలతో.

ఫిలిం సొసైటీ అనేది మా ఊరికి ఎలా వచ్చిందో సారు ఓసారి చెప్పారు. 1947లో కలకత్తాలో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా, ఇంకొందరు మిత్రులు కలిసి కలకత్తా ఫిలిం సొసైటీ పెట్టారు. అప్పటికి రాయ్ ఒక్క సినిమా కూడా తీయలేదు. 1959లో దేశంలోని సొసైటీలు కొన్ని ఫెడరేషన్‌గా కలిశాయి. రాయ్ దానికి మొదటి అధ్యక్షుడు. పుణెలో 1964లో మొదలైన ఫిలిం ఆర్కైవ్, దాన్ని కట్టి నిలిపిన పి.కె. నాయర్, విదేశీ సాంస్కృతిక కేంద్రాలు, దక్షిణాదికి మద్రాసులో ఫెడరేషన్ కార్యాలయం, ఇవన్నీ దాటుకుని ఒక సినిమా రీళ్ల పెట్టె మా కాజీపేటలో దిగేది.

ఆ పెట్టె ఊరి నుంచి ఊరికి తిరిగేది. మన దగ్గర ఆదివారం వేసిన సినిమా సోమవారమే రైలెక్కించాలి, బుధవారానికో గురువారానికో ఇంకో ఊరి సొసైటీ దించుకోవాలి. వరుసలో ఒకళ్లు ఆలస్యం చేస్తే ఆ తర్వాతి ఊళ్లన్నిటికీ ఆలస్యమే. శనివారం సాయంత్రం బాపు, ఆపరేటర్ మామ కాజీపేట వెళ్లేవారు. నేను సైకిలు ముందు బారు మీద. స్టేషన్లో ఇనప అంచుల పెట్టె కనిపించగానే బాపు ముందు దాని మీద చెయ్యి వేసి చూసేవారు, జ్వరం ఉందేమో చూసినట్టు. వచ్చేటప్పుడు నేను నడక, సైకిలు మీద పెట్టె.

ఆపరేటర్ మామ పగలు ఒక సినిమా థియేటర్లో పనిచేసేవాడు. సొసైటీ దగ్గర పైసా తీసుకునేవాడు కాదు. పదహారు ఎంఎం ప్రొజెక్టరు మీద ఫిల్ము ఎక్కించడం నాకు నేర్పింది అతనే. "చూడు పిల్లా, రీళ్లు ఆగకుండ తిరుగుతనే ఉంటయి. దీపం ముందట మాత్రం ఫిల్ము ఆగి ఆగి పోవాలె, సెకనుకు ఇరవై నాలుగుసార్లు. అందుకని గేటు పైన ఓ వంపు, కింద ఓ వంపు వదిలిపెట్టాలె. వంపు పోతే బొమ్మ ఎగురుతది." నాలుగు వందల అడుగుల రీలు పదకొండు నిమిషాలు వస్తుంది. పదహారు వందల అడుగుల పెద్ద రీలు ముప్పావు గంట. మాకున్నది ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చడానికి లైట్లు వేయాల్సిందే. ఆ ఐదు నిమిషాలూ నాకు సినిమా అంత ఇష్టం. చీకట్లో నుంచి బయటపడ్డ మొహాలు కళ్లు చిట్లించుకుంటూ, పక్కవాళ్లతో గొంతు తగ్గించి మాట్లాడుకునేవి. ఎవరో ఒకరు లేచి వచ్చి మామ భుజం మీద చెయ్యేసి, "ఇంకెన్ని రీళ్లు?" అని అడిగేవారు. తక్కువ ఉన్నాయంటే వాళ్ల మొహం చిన్నబోయేది.

'పథేర్ పాంచాలి' ఆ స్టూలు మీదే చూశాను. అందరూ ఆ సినిమాలో రైలు దృశ్యం గురించి చెబుతారు. నాకు ఆ రోజు అది అర్థం కాలేదు. కాజీపేట జంక్షన్‌లో ఢిల్లీ బళ్లు, మద్రాసు బళ్లు, బొగ్గు వ్యాగన్లు చూస్తూ పెరిగిన పిల్లను. రైలును చూడడానికి అక్కా తమ్ముడూ పొలాలు దాటుకుని పరుగెత్తడమేమిటి? ఇంటికి వచ్చి బాపును అడిగాను. బాపు జవాబు చెప్పలేదు. తర్వాతి శనివారం పెట్టె కోసం కాజీపేట వెళ్లినప్పుడు బండి ప్లాట్‌ఫారం మీదికి వస్తుంటే, "ఇప్పుడు చూడు" అన్నారు. చూశాను. ఇంజను వెనక ఆ బోగీలో మా పెట్టె ఉంది. రెండు వారాలుగా నేను మోసిన మూడు వాక్యాల తర్వాత ఏమవుతుందో అందులో చుట్టి ఉంది. నాకు పరుగెత్తాలనిపించింది.

పెద్ద ఫిల్ము అయితే మా ప్రొజెక్టరు పనికిరాదు. అప్పుడు ఆదివారం పొద్దున పూట ఒక థియేటరును అద్దెకు తీసుకునేవారు. గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' అలాగే వేశారు. బి. నర్సింగరావు నిర్మాత, 1980లో విడుదలైంది. తెలంగాణ రైతాంగ పోరాటం కథ. గద్దర్ తెర మీద కనబడి పాడతారు. ఆ రోజు హాలు నిండిపోయింది. గడీ దృశ్యాలు నడుస్తుండగా మిల్లు పెద్దాయన లేచి బయటికి వెళ్లారు. నన్ను చూసి రమ్మని సారు పంపారు. ఆయన మెట్ల మీద కూర్చుని బీడీ ముట్టించకుండా చేతిలో పట్టుకుని ఉన్నారు. మంచినీళ్లు తెమ్మంటారా అన్నాను. "వద్దు బిడ్డా. అది నేను చిన్నప్పుడు చూసిందే. మళ్ల చూడబుద్ధి గాలె" అన్నారు. కాసేపయ్యాక లోపలి నుంచి పాట వినబడితే, లేచి నా చెయ్యి పట్టుకుని మళ్లీ లోపలికి నడిచారు. ఆ నెల కార్డు ఇచ్చినప్పుడు మాత్రం, తర్వాత ఏమవుతుందని ఆయన అడగలేదు.

ఇప్పుడు ఆ కార్డు సంగతి. 1984 జనవరికి ముందు, చాప మీద కూర్చుని సారు స్టెన్సిలు గీస్తూ నన్ను పిలిచారు. "ఈసారి నీకు కుర్చీ ఉంది" అన్నారు. కమిటీలో మాట్లాడి ఒప్పించారట. ఈ సినిమా పిల్లలు చూడదగిందే, చూడవలసిందే అని. కార్డు మీద ఇలా గీశారు:

'బైసికిల్ థీవ్స్. ఇటలీ, 1948. దర్శకుడు విట్టోరియో డి సికా. యుద్ధం ముగిసిన రోమ్ నగరంలో పని దొరకాలంటే సైకిలు ఉండాల్సిన ఒక పేద తండ్రి. ఆ సైకిలు పోతుంది, కొడుకును వెంటబెట్టుకుని ఊరంతా వెతుకుతాడు. పిల్లలను వెంట తీసుకురావచ్చు.'

నిజానికి కథకు రెండు వాక్యాలే. మూడోది నాకు.

ఆ కార్డులు పంచిన రెండు రోజులూ ఏ కార్డులకూ పట్టనంత సమయం పట్టింది. ఎక్కడ సైకిలు ఆపినా తాళం రెండుసార్లు లాగి చూసుకునేదాన్ని. రోమ్ ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి కథంతా మా ఊళ్లోనే జరిగింది. సైకిలు పోయింది చౌరస్తాలో, చెరుకు రసం బండి దగ్గర. తండ్రి మొహం బాపుదే. ఇద్దరూ అద్దె సైకిళ్ల దుకాణాలన్నీ తిరిగారు. పద్మాక్షి గుట్ట కింద వెతికారు. భద్రకాళి చెరువు కట్ట మీద ఎవరో తొక్కుకుంటూ పోతుంటే వెంటపడ్డారు, కానీ దానికి బెల్లు వేరేది. చివరికి కాజీపేట స్టేషన్లో పార్శిళ్ల మధ్య దొరికింది. నా సినిమాలో సైకిలు తప్పకుండా దొరికేది.

ఇంట్లో ఇదే వాదన. దొరుకుతుందని అమ్మ. "పేదోడి సైకిలు పోతే మళ్ల దొరికినట్టు ఎక్కడన్న విన్నవా?" అని బాపు. మిల్లు పెద్దాయన అయితే కార్డు చదివి, తర్వాత ఏమవుతుందని అడగకుండా, "ఏ కంపెనీ సైకిలు?" అని అడిగారు.

శనివారం పెట్టె రాలేదు. వరుసలో ముందున్న ఊళ్లో ఆగిపోయిందని తెలిసింది. ఆదివారం పొద్దున బాపు మళ్లీ వెళ్లారు, మధ్యాహ్నం మళ్లీ వెళ్లారు. నేను దసరాకు కుట్టించిన గౌను వేసుకుని నాలుగింటికే హాలు దగ్గరున్నాను. తెర కట్టేశారు. కిటికీలకు నల్ల గుడ్డలు వేసేశారు. ఐదున్నరకు బాపు గేటు దగ్గర సైకిలు దిగారు. కేరియర్ ఖాళీ. ఆయన మొహం చూడలేక నేను కేరియర్ కేసే చూస్తూ ఉండిపోయాను.

ఆరింటికి అరవై మందికి పైగా వచ్చారు. మొదటిసారి పిల్లలు కూడా, ఒక పదిహేను మంది. సారు తెర ముందు నిలబడి పెట్టె రాలేదని చెప్పారు. ఎవరూ లేవలేదు. అప్పుడు సారు మొదలుపెట్టారు. 1950లో ప్రకటనల కంపెనీ ఉద్యోగిగా లండన్ వెళ్లిన సత్యజిత్ రాయ్ అక్కడ ఈ సినిమా చూశారని, స్టూడియో లేకుండా, పేరున్న నటులు లేకుండా, ఉన్న వీధుల్లోనే సినిమా తీయవచ్చని ఆయనకు ధైర్యం ఇచ్చింది ఇదేనని చెప్పారు. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవంలో దీన్ని వేశారని చెప్పారు. తండ్రి వేషం కట్టినాయన నటుడు కాదు, ఫ్యాక్టరీ కార్మికుడని చెప్పినప్పుడు మిల్లు పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నారు. తర్వాత సారు కథలోకి వెళ్లారు. మామ పెద్ద లైట్లు ఆర్పేసి ఒక్క బల్బు ఉంచాడు. ఖాళీ తెర ముందు సారు చేతులు తిప్పుతూ చెబుతుంటే ఆయన నీడ దాని మీద కదిలేది. సైకిలు పోయింది. తండ్రీ కొడుకూ బయల్దేరారు. సంతలో విడిభాగాల దుకాణాలన్నీ చూశారు. వాన వచ్చింది. అక్కడికి వచ్చి సారు ఆగారు.

"ఇక మిగిలింది తెర మీద చూద్దాం" అన్నారు.

పెట్టె ఆ నెలా రాలేదు, ఆ తర్వాతా రాలేదు. వరుస తప్పిన ప్రింటు ఇంకెటో వెళ్లిపోయింది. మళ్లీ తెప్పించాలని సారు ప్రయత్నిస్తూనే ఉన్నారు. ఈలోపు ఇళ్లలోకి టీవీలు వచ్చాయి. దూరదర్శన్‌లో ఆదివారం సాయంత్రం హిందీ సినిమా. మా ఆరింటికీ దానికీ పొత్తు కుదరలేదు. అరవై మంది నలభై అయ్యారు, నలభై ఇరవై అయ్యారు. ప్రొజెక్టరు దీపం మాడిపోతే కొనడానికి డబ్బాలో డబ్బు చాలలేదు. సారుకు వేరే ఊరు బదిలీ అయింది. డబ్బాలో మిగిలిన నూట ముప్పై చిల్లర రూపాయలు బాపు ఎప్పటికీ ఖర్చు చేయలేదు.

1991లో హైదరాబాద్‌లో పీజీ చదువుతుండగా ఒక చిన్న హాల్లో, వీడియోలో ఆ సినిమా చూశాను. చూస్తూ మొదట్లోనే ఏడ్చాను. పక్కన కూర్చున్న స్నేహితురాలికి అర్థం కాలేదు, అప్పటికింకా సైకిలు పోనే లేదు. సైకిలు కావలసిన ఆ పని ఏమిటో సారు కార్డులో రాయలేదు, హాల్లో కూడా చెప్పలేదు. బహుశా ఆయన చదివినదాంట్లో లేదేమో. ఆ తండ్రికి దొరికిన పని గోడలకు పోస్టర్లు అంటించడం. నిచ్చెన భుజాన వేసుకుని, సైకిలు తొక్కుకుంటూ వీధి వీధీ తిరిగి సినిమా పోస్టరు అంటిస్తాడు. అతని మొదటి రోజు పని అది. నేను కూడా సైకిలు మీద సినిమా కబురు మోసిన దాన్నే. తాకట్టు పెట్టిన సైకిలు విడిపించుకోవడానికి అతని భార్య ఇంట్లో దుప్పట్లన్నీ మూటగట్టి ఇచ్చేస్తుంది. ఆమె మొహంలో నాకు మా అమ్మ కనిపించింది.

ఆ సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు, చూశానని బాపుకు చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. నేను నోరు తెరిచేలోపే చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దు, చెప్పకు బిడ్డా. పెట్టె రానీ" అన్నారు. ఆ సినిమా డిస్కు బజారులో కొనుక్కోగలిగే నాటికి బాపు లేరు.

కొత్త కార్డు కోసం మూడు రోజులుగా రాస్తున్నాను, కొట్టేస్తున్నాను. ఎలా రాసినా చివర ఏమవుతుందో తెలిసినవాళ్ల మాటలా ఉంటోంది. నిన్న రాత్రి పాత ట్రంకు పెట్టెలో రసీదు పుస్తకం కింద ఆ కార్డు దొరికింది. ఇంకు గోధుమరంగుకు తిరిగింది. సారు రాసింది రాసినట్టే ఎత్తి రాశాను. చివరి వాక్యంలో ఒక్క మాట మార్చాను.

'యుద్ధం ముగిసిన రోమ్ నగరంలో పని దొరకాలంటే సైకిలు ఉండాల్సిన ఒక పేద తండ్రి. ఆ సైకిలు పోతుంది, కొడుకును వెంటబెట్టుకుని ఊరంతా వెతుకుతాడు. పిల్లలను వెంట తీసుకురండి.'